ఛాసిస్ నంబర్ కొట్టి చూశాక

అలిపిరి టోల్‌గేటు దాటి రెండో ఘాట్ రోడ్డులో పది పన్నెండు నిమిషాలు ఎక్కి ఉంటాం. 2024 జులైలో ఒక ఆదివారం, పొద్దున పదిన్నర. నాయనకు కంటి శుక్లం ఆపరేషన్ బాగా జరిగితే నేనే కారు నడుపుకుంటూ కొండకు తీసుకొస్తానని మొక్కుకున్నాను. ఆయన పక్క సీట్లో నల్లద్దాలు పెట్టుకుని, మలుపు వచ్చినప్పుడల్లా ‘గోవిందా’ అంటున్నాడు. వెనక అమ్మ, మా అబ్బాయి. ఘాట్‌లో పైకి 28 నిమిషాల కంటే ముందు చేరకూడదని నిబంధన ఉంది కదా, తొందరేమీ లేదు. సెకండ్ గేర్‌లో నిదానంగా ఎక్కుతున్నాను. ఒక మలుపు సగంలో ఉండగా బండి చిన్నగా వణికి, ఇంజిన్ ఆగిపోయింది.

స్టీరింగ్ రాయిలా బిగుసుకుంది. బ్రేకు తొక్కితే మొదటిసారి మామూలుగానే దిగింది. కాలు తీసి మళ్లీ తొక్కేసరికి గట్టిపడింది, మూడోసారికి గోడను తొక్కుతున్నట్టే ఉంది. బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ ఇంజిన్ తిరుగుతుంటేనే పుడుతుందని, ఇంజిన్ ఆగాక రెండు మూడు తొక్కుళ్లకే అది అయిపోతుందని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు కాలు వదలకుండా నొక్కి పట్టుకుని ఉండాలి, మాటిమాటికీ తొక్కకూడదు. ఆ సంగతి తెలియక తొక్కుతూ పోయాను. బండి బెత్తెడు వెనక్కి జారింది. మిర్రర్‌లో చూస్తే సప్తగిరి బస్సు ముందద్దం తప్ప ఇంకేమీ కనిపించలేదు.

హ్యాండ్ బ్రేక్ రెండు చేతులతో లాగాను. ఆ బస్సు వెనకున్న ట్యాక్సీ జీపులోంచి డ్రైవర్ దిగి పరుగెత్తుకొచ్చాడు. కొండ గోడ వారన పడి ఉన్న రాయిని ఎత్తుకొచ్చి నా వెనక టైరుకు ఆనించి, కాలితో లోపలికి తన్ని, అద్దం దగ్గరికొచ్చాడు. “బ్రేకు వదలొద్దక్కా. ఫస్ట్ గేర్ ఎయ్యి. ఇంక యాడికీ పోదు, రాయి పెట్టేసినాను” అన్నాడు. అప్పుడు నా కాలు వణకడం మొదలైంది. అంతవరకు వణకలేదు.

అమ్మ, నాయన, పిల్లవాడు దిగి జీపు ఎక్కారు. అందులో ఉన్న యాత్రికులు తమిళం వాళ్లు, సర్దుకుని చోటిచ్చారు. ఇరవై నిమిషాలు పోయాక తాళం తిప్పితే బండి ఏమీ జరగనట్టు స్టార్టయింది. ఘాట్ వన్‌వే, వెనక్కి తిరిగే వీలు లేదు. ఇండికేటర్లు నాలుగూ వేసుకుని, వెనక ఆ జీపు కాపలాగా వస్తుంటే, ఒక్కదాన్నే పైదాకా నడిపాను. కదిలే ముందు నాయన జీపులోంచి కేకేసి, “ఆ రాయి తీసి పక్కన పెట్టప్పా, రేత్రి బండ్లు గుద్దుకుంటాయి” అన్నాడు. డ్రైవర్ దాన్ని తీసి గోడ వారన పెట్టాడు.

దర్శనం అయింది గానీ, దేవుడి ముందు నిలబడి కూడా నాకు ఆ బస్సు అద్దమే కనిపించింది.

పైకి చేరాక జీపతనికి డబ్బులివ్వబోతే తీసుకోలేదు. కారు ఎప్పుడు కొన్నావు, ఏ మోడల్ అని అడిగాడు. చెప్పాను. “ఈ మోడల్ మా స్టాండులో ఇద్దరికుండె. ఇట్లానే ఆగిపోతాంటే కంపెనీవాళ్లు పిలిచి ఏదో పంపు ఊరికే మార్చిచ్చినారు. నీ ఛాసిస్ నంబరు కొట్టి చూడక్కా” అన్నాడు. లోపమున్న బండ్లను కంపెనీ వెనక్కి పిలిచి బాగుచేసివ్వడాన్ని రీకాల్ అంటారు, ఆ మాట అతను వాడలేదు. కానీ ఈ వ్యవహారంలో నాకు ఎవరైనా చెప్పిన అతి ముఖ్యమైన మాట అదే. దాన్ని చెప్పింది కంపెనీ కాదు, షోరూమ్ కాదు, దారిలో కలిసిన ఒక జీపు డ్రైవర్.

ఆ బండిని కిందికి నేను నడపనన్నాను. ఇన్సూరెన్స్ పాలసీలో రోడ్డు సాయం ఉంది, ఫోన్ చేస్తే మర్నాడు టోయింగ్ బండి పంపి కారును ఇంటికి చేర్చారు. మేము బస్సులో దిగాం.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. ఆ కారు 2019లో తయారైంది. 2022లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, వేలూరులో ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి దగ్గర. మంచి మనిషి, బండిని బిడ్డలా చూసుకున్నాడు. ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని, పన్ను కట్టి, ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాను. తమిళనాడు నంబరు పోయి ఏపీ 39 వచ్చింది. నేను చంద్రగిరి దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. మా ఆయన ఉద్యోగం శ్రీసిటీలో, ఇంటికి వచ్చేది శని ఆదివారాలే. నాయనను ఆసుపత్రికి, పిల్లవాణ్ని ట్యూషన్‌కి, నన్ను బడికి తిప్పేది ఆ కారే.

ఘాట్ కంటే ముందు రెండుసార్లు ఆగింది. మొదటిసారి ఏప్రిల్‌లో, లీలామహల్ సర్కిల్ దగ్గర, మండే ఎండలో. రెండోసారి మే నెలాఖరున చంద్రగిరి దాటాక. రెండుసార్లూ పదిహేను ఇరవై నిమిషాలకు తనంతట తనే స్టార్టయింది. మాకు తెలిసిన మెకానిక్ అన్న నిజాయితీపరుడు, చెయ్యి తిరిగినవాడు. ఆయన దగ్గరికి తీసుకుపోయేసరికి బండి చక్కగా నడుస్తుండేది. చక్కగా నడిచే బండిలో లోపం ఎవరు పట్టుకోగలరు? మొదటిసారి స్పార్క్ ప్లగ్గులు మార్చి, థ్రాటిల్ క్లీన్ చేసి 2,800 తీసుకున్నాడు. రెండోసారి పెట్రోల్‌లో నీళ్లు కలిసి ఉంటాయని ట్యాంకు శుభ్రం చేసి 1,900 తీసుకున్నాడు. నేనూ అదే నమ్మి పెట్రోల్ బంకు మార్చాను.

సోమవారం సాయంత్రం ఆర్సీ కార్డు ముందు పెట్టుకుని కంపెనీ వెబ్‌సైట్ తెరిచాను. రీకాల్ ఉందో లేదో చూసుకునే చోటు అందులో ఉంది, కానీ మొదటి పేజీలో లేదు. అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో ఉంది. ఛాసిస్ నంబర్ 17 గుర్తులు, అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిపి. కొట్టాను. తప్పు నంబర్ అంది. మళ్లీ కొట్టాను, మళ్లీ తప్పే. కార్డు మీద అచ్చు అరిగిపోయి ఉంది. టార్చిలైటు తీసుకుని కారు దగ్గరికి పోయాను. ముందు సీటు కింద కార్పెట్‌కు అరచేయంత కోత ఉంటుంది. అది ఎత్తితే ఇనుము మీద గుద్దిన అసలు నంబరు కనిపిస్తుంది. దుమ్ము తుడిచి, ఫోన్‌తో ఫొటో తీసి, ఒక్కో గుర్తునూ సరిచూశాను. సున్నా ఉన్నచోట నేను ఇంగ్లీషు ‘O’ అక్షరం కొట్టాను. అసలు ఛాసిస్ నంబర్లలో ఐ, ఓ, క్యూ అనే మూడు అక్షరాలు వాడనే వాడరట, ఒకటితోను సున్నాతోను కలిసిపోతాయని. ఎవరైనా కొట్టి చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. ‘O’ లాగా కనిపించేది ఏదైనా అది సున్నాయే.

ఈసారి పేజీ మారింది. ఈ వాహనానికి ఇంధన పంపు మార్చవలసి ఉంది, దగ్గరి డీలర్‌ను సంప్రదించండి అని ఎర్ర గళ్లలో వచ్చింది. ఆ మాట అక్కడ నెలల తరబడి నాకోసం కాచుకుని ఉంది. నేనేమో ఆ బండిలో కన్నవాళ్లను కూర్చోబెట్టుకుని ఘాట్ ఎక్కాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మంగళవారం బడికి సెలవు పెట్టి సర్వీస్ సెంటర్‌కు పోయాను. అడ్వైజర్ చిన్న కుర్రాడు, మర్యాదగానే మాట్లాడాడు. కారు నంబర్ అడిగి కంప్యూటర్‌లో కొట్టి, “మీ బండికి ఏమీ లేదు మేడమ్” అన్నాడు. వాళ్ల దగ్గర ఉన్నది పాత తమిళనాడు నంబరు. నేను చెప్పింది కొత్త ఏపీ నంబరు. నేను నా ఫోన్‌లోని పేజీ చూపించకపోయి ఉంటే, ఏమీ లేదన్న మాట పట్టుకుని ఇంటికొచ్చేసేదాన్ని. నంబర్ ప్లేటు మారుతుంది, ఓనర్ మారతాడు, ఊరు మారుతుంది, ఇనుము మీద గుద్దిన నంబరు మాత్రం మారదు. దాన్నే కొట్టమన్నాను. కొట్టాడు. మొహం మారింది.

“ఉంది మేడమ్. కానీ ఇది రీకాల్ కాదు, సర్వీస్ క్యాంపెయిన్.”

“ఇంజిన్ నడిరోడ్డు మీద ఆగిపోతుందని తెలిసి కంపెనీ పంపు మార్చిస్తోంది. దాన్ని ఏ పేరుతో పిలిచినా అదే కదా నాయనా?”

కంపెనీలు ఆ మాట పలకడానికి ఎందుకంత వెనకాడతాయో నాకు అర్థం కాదు. క్యాంపెయిన్ అంటే వినేవాడికి ఏదో ఆఫర్ అనిపిస్తుంది. తీరిక దొరికినప్పుడు పోదాంలే అనుకుంటాడు. రీకాల్ అంటే వెంటనే పోతాడు. ప్రాణానికి సంబంధించిన విషయానికి ప్రాణానికి సంబంధించిన పేరే పెట్టాలి.

పంపు స్టాక్ లేదన్నాడు. రాగానే ఫోన్ చేస్తామన్నాడు. అంతవరకు బండి నడపొచ్చా అని అడిగాను.

“నడుపుకోండి మేడమ్, ఏం కాదు. ఘాట్ ఎక్కకుండా ఉంటే చాలు.”

ఘాట్ ఎక్కకుండా ఉంటే చాలట. తిరుపతిలో ఉన్నవాళ్లతో అనే మాటేనా ఇది? ఇటు పోతే కొండ, మదనపల్లె వైపు పోతే భాకరాపేట ఘాట్. సరే, ఎక్కను. చిత్తూరు రోడ్డులో వెనక లోడు లారీ వస్తుంటే నడిమధ్యలో ఆగిపోతే? “నడపొచ్చు, ఏం కాదు అని ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి, స్టాంపు వేసివ్వండి, నడుపుకుంటాను” అన్నాను. గొంతు పెంచలేదు. బడిలో పిల్లవాణ్ని హోంవర్క్ చూపించమన్నట్టే అడిగాను. ఆ కుర్రాడు మాట్లాడకుండా లేచిపోయి మేనేజర్‌ను పిలుచుకొచ్చాడు. మేనేజర్ కూడా రాసివ్వలేదు. కానీ ఆ తర్వాత ‘ఏం కాదు’ అన్న మాట ఎవరి నోటా రాలేదు. పంపు కోసం నా పేరున ఆర్డర్ పెట్టి, ఆర్డర్ నంబరు రాసిచ్చారు. ఎవరైనా నోటిమాటగా ధైర్యం చెబితే దాన్నే రాసివ్వమని అడగండి. మాటకు ఎంత బరువుందో అక్కడే తేలిపోతుంది.

బండిని ఇంటి ముందే నిలిపి ఉంచాం. ఆ రాత్రి నుంచి రీకాల్ గురించి దొరికినదల్లా చదివాను.

మన దేశంలో కార్ల తయారీదారుల సంఘం 2012లో తమంతట తామే రీకాల్ చేసుకునే పద్ధతి పెట్టుకుంది. అప్పటికి చట్టం బలవంతం ఏమీ లేదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 110ఎ అనే సెక్షన్ చేర్చారు. లోపం వల్ల నడిపేవాళ్లకో, ఎక్కినవాళ్లకో, రోడ్డు మీద పోయే ఇతరులకో, పర్యావరణానికో హాని జరిగే పరిస్థితి ఉంటే ఆ బండ్లను వెనక్కి పిలవమని కేంద్ర ప్రభుత్వం ఆదేశించవచ్చు. అలా ఆదేశిస్తే కంపెనీ బండి పూర్తి ధర తిరిగివ్వాలి, లేదా అంతకు తగ్గని బండి మార్చివ్వాలి, లేదా బాగు చేసివ్వాలి, జరిమానా కూడా కట్టాలి. దానికి సంబంధించిన నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. బండి రకాన్ని, సంఖ్యను బట్టి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా. ఏడేళ్ల లోపు బండ్లకే ఇది వర్తిస్తుంది. కంపెనీ తానే లోపం గుర్తించి, ప్రభుత్వానికి చెప్పి వెనక్కి పిలిస్తే జరిమానా లేదు. నా బండి విషయంలో జరిగింది ఆ రెండోదే. కంపెనీ తానే ఒప్పుకుంది. ఒప్పుకోవడం వరకు మెచ్చుకోవాల్సిందే. కానీ ఒప్పుకున్న సంగతి నా దాకా రాలేదు.

ఆ చదువులోనే టకాటా అనే కంపెనీ ఎయిర్‌బ్యాగుల కథ చదివి వణికిపోయాను. బ్యాగును ఉబ్బించడానికి ఆ కంపెనీ అమ్మోనియం నైట్రేట్ వాడింది. ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలితే ఆ మందు పాడై, బ్యాగు తెరుచుకునేటప్పుడు దాని లోహపు డబ్బాయే పేలి ముక్కలు మనిషికి గుచ్చుకుంటాయి. అమెరికాలోనే దాదాపు 6.7 కోట్ల ఎయిర్‌బ్యాగులను వెనక్కి పిలిచారు. కాపాడటానికి పెట్టిన వస్తువే ప్రాణం తీసింది. వేడి, తేమ అన్నచోట ఆగిపోయాను. మే నెలలో మన తిరుపతి ఎండకు పార్క్ చేసిన కారు తలుపు హ్యాండిల్ పట్టుకోగలమా? లోపల ఎంత కాలిపోతుంటుంది! అక్కడెక్కడో జరిగిందిలే అనుకోవడానికి లేదు.

మర్నాడు కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ రాశాను. కోపం ఉన్నా కోపంగా రాయలేదు. ఛాసిస్ నంబరు, బండి తిరిగిన కిలోమీటర్లు, ఆగిపోయిన మూడు తేదీలు, మూడు చోట్లు, ఆ రోజు ఎవరెవరు బండిలో ఉన్నారు, మెకానిక్ బిల్లుల ఫొటోలు పెట్టాను. చివర రెండే ప్రశ్నలు. పంపు ఏ తేదీకి వస్తుంది? అంతవరకు నేను దేనిలో తిరగాలి? మెయిల్ చేరిందని ఒక నంబరు వచ్చింది. ఆ నంబరు జాగ్రత్తగా రాసుకున్నాను, ఆ తర్వాత ప్రతి ఫోన్‌లోనూ వాళ్లు మొట్టమొదట అడిగింది అదే. రెండో ప్రశ్నకు మాత్రం ఎప్పటికీ జవాబు రాలేదు.

వారం గడిచింది. ‘ఫాలో అప్‌లో ఉంది మేడమ్’ తప్ప ఇంకో మాట లేదు. బడికి బస్సులో పోయాను, అది పెద్ద కష్టం కాదు. నాయనను కంటి చెకప్‌కు ఆటోలో తీసుకుపోవాల్సి వచ్చింది, ఆ దుమ్ములో, ఆపరేషన్ అయిన కంటితో. అది బాధ. ఇంటి ముందు కారు నిలబడి ఉంది, దాని మీద వేప పండుటాకులు రాలుతున్నాయి.

ఎనిమిదో రోజు 1915కి ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడారు. ఒక అమ్మాయి మొత్తం ఓపిగ్గా విని, మధ్యలో “మీకేమీ కాలేదు కదా మేడమ్?” అని అడిగింది. ఘాట్ జరిగిన రోజు నుంచి ఈ వ్యవహారంలో ఆ మాట అడిగిన తొలి మనిషి ఆమే. ఫిర్యాదు రాసుకుంది, నంబరు మెసేజ్‌లో వచ్చింది. అక్కడివాళ్లు ఎవరికీ శిక్ష వెయ్యరు, కంపెనీకి ఫిర్యాదు పంపి జవాబు రాబట్టడం వరకే వాళ్ల పని. కానీ ఆ పని జరిగింది. మూడు రోజులకు కంపెనీ తరఫున చెన్నై నుంచి ఫోన్ వచ్చింది. పంపు బయల్దేరిందని, ఫలానా రోజు బండి తీసుకురావాలని చెప్పారు. తీసుకురావడం కాదు, మీరే వచ్చి తీసుకుపోవాలి అన్నాను. ఒప్పుకున్నారు. టోయింగ్ బండి ఇంటి దగ్గరికే వచ్చింది.

ఘాట్‌లో ఆగిన రోజు నుంచి లెక్కేస్తే అది 23వ రోజు.

పని చేసేటప్పుడు చూస్తానన్నాను. వర్క్‌షాప్‌లోకి కస్టమర్లను రానివ్వం అన్నారు. అద్దం ఇవతల నిలబడతానన్నాను. అక్కడి పెద్ద మెకానిక్ ఒకాయన నన్ను చూసి, “రానీండి సార్, ఆయమ్మను చూడనీండి” అని లోపలికి పిలిచాడు. వెనక సీటు పైకి లాగితే కింద నల్లటి మూత. నాలుగు స్క్రూలు. దాని కింద పెట్రోల్ ట్యాంకు నోరు. ముందు పైపుల్లో ఒత్తిడి దించేసి, రింగు వదులు చేసి, మెల్లగా పైకి తీశాడు. లీటరు చెంబంత తెల్ల ప్లాస్టిక్ డబ్బా, దాని పక్కన ట్యాంకులో పెట్రోల్ ఎంతుందో చెప్పే తేలుడు కడ్డీ. పెట్రోల్ బొట్లు బొట్లుగా కారుతోంది. ఘాటైన వాసన.

“దీంట్లో రూపాయి బిళ్లంత చక్రం ఉంటాదమ్మా, ప్లాస్టిక్‌ది. అది గిర్రున తిరిగి పెట్రోల్‌ను ఇంజిన్‌కు తోస్తాది. ఈ లాటులో ఆ ప్లాస్టిక్ సరిగ్గా రాలా. పెట్రోల్ పీల్చుకుని ఉబ్బుతాది. నానబెట్టిన సెనగ మాదిరి. ఉబ్బితే చుట్టూ గోడకు రాసుకుంటాది, వేడెక్కితే బిగుసుకుంటాది. రొంతసేపు చల్లబడితే మళ్లీ తిరుగుతాది.”

అప్పుడు అన్నీ అర్థమయ్యాయి. ఎండలో లీలామహల్ దగ్గర ఎందుకు ఆగిందో, ఘాట్‌లో ఇంజిన్ బలంగా లాగేటప్పుడు ఎందుకు ఆగిందో, మెకానిక్ దగ్గరికి తీసుకుపోయేసరికి ఎందుకు బాగయ్యేదో. ఆ పాత పంపును తెరిచి చక్రం చూపించమని అడిగాను. తెరవకూడదట, అట్టపెట్టెలో పెట్టి, నా ఛాసిస్ నంబరు రాసిన చీటీ అతికించి కంపెనీకి వెనక్కి పంపాలట. పెట్టెలో పెట్టే ముందు రెండు చేతులతో పట్టుకుని నా ముందుంచాడు. ఒక నిమిషం చూశాను. ఇంత వస్తువు.

కొత్త పంపు బిగించడం, సీటు వెయ్యడం, టెస్ట్ డ్రైవ్ అన్నీ కలిపి గంటన్నర. అంతే. గంటన్నర పని కోసం 23 రోజులు, అంతకుముందు మూడు నెలల టెన్షన్.

బిల్లు దగ్గర ఇంకో పంచాయతీ. పంపుకు, కూలికి సున్నా వేశారు, సరే. కింద ‘ఇంధన వ్యవస్థ శుభ్రత’ అని 650 రూపాయలు ఉంది. అది నేను చెప్పిన పని కాదు. జాబ్ కార్డు మీద నేను సంతకం పెట్టినప్పుడు ఒక్క పనే రాసి ఉంది, దాని ఫొటో నా ఫోన్‌లో ఉంది. చూపించాను. తీసేశారు. ఎంతమంది దగ్గర తీసుకుంటున్నారో గాని, చాలామంది ఫ్రీగా పంపు మార్చారు కదా అని మొహమాటానికి కట్టేస్తారు. మొహమాటపడే పని లేదు. అది దానం కాదు, వాళ్లు అమ్మిన వస్తువులో ఉన్న తప్పును వాళ్లు దిద్దుకోవడం.

మెకానిక్‌కు ఇచ్చిన 4,700 తిరిగిమ్మని కంపెనీకి రాశాను. బయటి బిల్లులు ఇవ్వలేం అన్నారు. వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చని మా ఆయన అన్నాడు. పదో తరగతి పరీక్షల హడావుడిలో పడి పోలేదు. పోవాల్సింది అని ఇప్పటికీ మనసులో ఉంది. మెకానిక్ అన్నకు సంగతంతా చెబితే, మాట్లాడకుండా గల్లాపెట్టె తెరిచి 1,900 తీసి నా చేతిలో పెట్టబోయాడు. తీసుకోలేదు. ఆయన తప్పేముంది? ఆయనకూ ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు తన దగ్గరికొచ్చే బండికి బానెట్ ఎత్తే ముందే ఛాసిస్ నంబర్ కొట్టి చూస్తున్నాడు. ఒకరోజు ఫోన్ చేసి, “అమ్మా, పాకాల నుంచి ఒక బండి వచ్చింది, దానికీ ఉంది” అన్నాడు. ఆయన గొంతులో ఆ సంతోషం వింటే నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

వేలూరు పెద్దాయనకు కూడా ఫోన్ చేశాను. నింద వెయ్యడానికి కాదు, ఉత్తరం ఏమైనా వచ్చిందా అని తెలుసుకోవడానికి. ఆయన కాసేపు ఆలోచించి, ఫోన్ పెట్టేసి, పావుగంటకు ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. కంపెనీ మెసేజ్. ఘాట్‌లో ఆగడానికి ఏడు నెలల ముందుది. బండి అమ్మేశాను కదా, ఇంకా సర్వీస్ మెసేజ్‌లు పంపుతున్నారే అనుకుని వదిలేశాడట. మళ్లీ ఫోన్ చేసి, “నేను ఒక్క ఫోన్ చేసుంటే పోయేదమ్మా, నన్ను క్షమించు” అన్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి. ఆయన్ను సముదాయించడానికి నాకు చాలాసేపు పట్టింది. అసలు రిజిస్ట్రేషన్ ఎవరి పేరున మారిందో రవాణా శాఖ దగ్గర ఉంటుంది. ఏ బండిలో ఏ లోపం ఉందో కంపెనీ దగ్గర ఉంటుంది. ఈ రెండూ కలిస్తే ఆ మెసేజ్ వేలూరు పోకుండా చంద్రగిరి వచ్చేది. అవి కలిసేదాకా సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు తామే కొట్టి చూసుకోవాలి, కొనేముందు ఒకసారి, ఆ తర్వాత ఆరు నెలలకొకసారి. కొన్నవెంటనే కంపెనీకి ఫోన్ చేసి ఆ ఛాసిస్ నంబరుకు మీ పేరు, మీ ఫోన్ నంబరు ఎక్కించుకోండి. నాకు ఆ పని అయిదు నిమిషాల్లో అయింది. రెండేళ్ల ముందే చేసి ఉండాల్సింది.

మా స్టాఫ్‌రూమ్‌లో ఒక మధ్యాహ్నం అందరి ఆర్సీ కార్డులు తీయించి కొట్టి చూశాను. సోషల్ టీచర్ గారి బండికి వెనక తలుపు గొళ్లెం తాలూకు రీకాల్ తేలింది. ఆమెకు ఇద్దరు చిన్నపిల్లలు, వాళ్లు కూర్చునేది ఆ తలుపు పక్కనే. ఆమె ఆ రోజు సాయంత్రమే పోయింది.

జాబ్ కార్డు కాపీ, పంపు మార్చినట్టు వాళ్లిచ్చిన కాగితం ఆర్సీతో కలిపి ప్లాస్టిక్ కవర్లో డ్యాష్‌బోర్డులో పెట్టాను. రేపు ఈ బండి నేనెవరికైనా అమ్మితే అవి కూడా చేతికివ్వాలి.

పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు అక్టోబరుల మధ్య, ఒక బుధవారం నాయన తనే అడిగాడు, “పాపా, మొక్కు సగమే కదా తీరింది, నువ్వే నడిపి తీసుకుపోతానన్నావే” అని. నాకు భయం పోలేదు. అయినా బయల్దేరాం. అలిపిరి దాటాం. సెకండ్ గేర్. మలుపు మలుపుకూ ‘గోవిందా’. అమ్మ వెనక నుంచి నా భుజం మీద చెయ్యి వేసి ఉంచింది. ఆ మలుపు వచ్చింది. గోడ వారన రాయి అలాగే ఉంది, నా కళ్లు ముందు దాని మీదికే పోయాయి. ఇంజిన్ ఏ తేడా లేకుండా లాగుతూనే ఉంది. నాయన ఆ మలుపులో ఏమీ అనలేదు. పూర్తిగా దాటి, రోడ్డు తిన్నగా అయ్యాక, అప్పుడు గట్టిగా అన్నాడు.